గుత్తి కోట, పెరికె ఎద్దులు, తుపాకి మందు కొలత

గుత్తి పేరు చెబితే మన తాండాల్లో పిల్లలకు కూడా ముందు గుర్తొచ్చేది సేవాగఢ్. 1739లో సేవాలాల్ మహరాజ్ పుట్టిన చోటని ఏటా ఫిబ్రవరిలో ఎన్నో రాష్ట్రాల నుంచి మనవాళ్లు అక్కడికి చేరతారు. దర్శనం అయ్యాక యువకులు కోట కొండ ఎక్కుతారు. ఫిరంగుల గురించి, తుపాకుల గురించి మాట్లాడుకుంటారు. తుపాకిలో పోసే మందును కొలిచే చెయ్యి గురించి మాత్రం ఎవరూ మాట్లాడరు. అది తెలుసుకోవాల్సిన చరిత్ర.

18వ శతాబ్దం నడిమిలో గుత్తి మురారిరావు ఘోర్పడే ఏలుబడిలో ఉండేది. అప్పటి సిపాయి ప్రతిసారీ గొట్టం మూతి నుంచి మందు పోసి, సీసపు గుండు వేసి, గజంతో దట్టించేవాడు. మందు తగ్గితే గుండు దూరం పోదు. మితిమీరితే గొట్టమే పగిలి కాల్చినవాడి ప్రాణం తీయొచ్చు. అందుకే సైన్యాలు ఒక్కో గుండుకు సరిపడా మందు ముందే కొలిచి కాగితంలో చుట్టి పెట్టుకునేవి. ఆ పొట్లాలే నేటి తూటాకు ముత్తాతలు.

1751లో ఆర్కాటు ముట్టడి జరిగింది. కోటలో చిక్కుకున్న క్లైవుకు అండగా కదిలింది మన మురారిరావు సేనలే. అదే ఏడాది కడలూరు దగ్గరి సెయింట్ డేవిడ్ కోటలో బెంజమిన్ రాబిన్స్ అనే ఇంగ్లీషు గణితవేత్త చనిపోయాడు. కంపెనీ కోటల మరమ్మతుకని వచ్చినవాడు. 1742లో అచ్చయిన తన పుస్తకంలో అతను గుండు వేగాన్ని కొలిచే పద్ధతి చెప్పాడు. ఒక బరువైన చెక్కను ఊయలలా వేలాడదీసి, దాని మీదికి కాల్చి, అది ఎంత ఊగిందో లెక్కగట్టాడు. గొట్టం లోపల మెలితిరిగిన గాడులుంటే గుండు బొంగరంలా తిరుగుతూ గురి తప్పకుండా పోతుందనీ వివరించాడు. అంటే గురి కుదిరేది మందు ఎక్కువ పోసినందువల్ల కాదు. ప్రతిసారీ అదే మందు, అదే బరువు గుండు, అదే కొలత ఉండాలి.

అయితే కొలత ఒక్కటే యుద్ధం గెలిపించదు. 1776లో హైదర్ అలీ గుత్తిని ముట్టడించాడు. కొండ మీద నీళ్లు అయిపోయాయి. మురారిరావు లొంగిపోయి, కబ్బాళదుర్గంలో బందీగా కన్నుమూశాడు. కరువు సీమ కోటను చివరికి దాహమే ఓడించింది. ఇక్కడే మన పెద్దల చరిత్ర మొదలవుతుంది. పెరికె ఎద్దుల మీద ధాన్యం, ఉప్పు వేసుకుని బంజారాలు సైన్యాల వెంట నడిచారు. 1791-92లో శ్రీరంగపట్నం మీదికి వెళ్లిన కార్న్‌వాలిస్ సైన్యానికి తిండి అందించినవాళ్లలో బంజారాలు ముఖ్యులు. మన లదేణీ కదలకపోతే ఎవరి తుపాకీ పేలేది కాదు.

తర్వాత రైలు వచ్చింది, ఎడ్ల బారులు ఆగిపోయాయి. 1871లో నేరస్థ జాతుల చట్టం పుట్టింది. 1911లో మద్రాసు రాజధానికీ పాకింది. 1952లో రద్దయ్యేదాకా సంచార జాతులకు పుట్టుకే నేరమైంది. మధ్యలో 1878 ఆయుధాల చట్టం మామూలు మనిషి చేతిలోంచి తుపాకి లాగేసింది. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాల మీద పడి తుపాకులతో పాటు తూటాలు కూడా తీసుకెళ్లింది. తూటా లేని తుపాకి చేతికర్రతో సమానమని మన్యం వీరులకు తెలుసు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఇప్పుడు అసలు మాట. అమెరికాలాంటి చోట్ల క్రీడాకారులు తూటాలు సొంతంగా నింపుకుంటారు. అచ్చయిన పట్టికలోని తక్కువ కొలతతో మొదలుపెడతారు. ప్రతి తూటాకూ మందు తూస్తారు, వేగం యంత్రంతో చూస్తారు, ఒత్తిడి గుర్తు కనబడగానే ఆపేస్తారు. అక్కడ అది చట్టం ఒప్పుకున్న పని. ఆ వీడియోలు ఫోన్లో చూసి, శెనక్కాయ చేలో అడవి పందులకని నాటు తుపాకి నింపడం మాత్రం వేరే సంగతి. తూకం ఉండదు, మందు ఎలాంటిదో తెలియదు, పాత గొట్టం ఎంత ఒత్తిడి తట్టుకుంటుందో అసలే తెలియదు. పోయేది వేళ్లూ, కళ్లూ. పైగా 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తుపాకి గానీ తూటా గానీ తయారుచేయడం నేరం. 2019 సవరణతో దానికి కనీస శిక్ష ఏడేళ్లు. పుట్టుకతో నేరస్థులన్న ముద్రను చెరిపేసుకోవడానికి మన పెద్దలు ఎన్నో ఏళ్లు పడ్డ కష్టాన్ని ఒక్క నాటు తూటా కోసం బూడిద చేసుకోవద్దు.

గురి మీద ఇష్టముంటే దారి ఉంది. గుర్తింపు పొందిన రైఫిల్ క్లబ్బులో చేరండి. హైదరాబాదు కుర్రాడు గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కంచు పతకం తెచ్చింది మందే లేని ఎయిర్ రైఫిల్‌తో. అక్కడా గెలిపించేది రాబిన్స్ చెప్పినదే: ప్రతిసారీ అదే ఊపిరి, అదే పట్టు, అదే కొలత.

జై సేవాలాల్!