మినీ ఇంప్లాంట్: దవడలో చోటు కోసం వెతుకులాట

పళ్ల వరస సరిచేసే వైద్యంలో దవడ ఎముకకు తాత్కాలికంగా బిగించే చిన్న మర మినీ ఇంప్లాంట్. క్లిప్పులు వేసి ముందు పళ్లను వెనక్కి లాగితే, పడవలో నిలబడి ఒడ్డునున్న దుంగను లాగినట్టే, ఆసరా ఇచ్చిన వెనక పళ్లూ ముందుకు జరుగుతాయి. ఆ భారాన్ని పళ్ల మీంచి ఎముక మీదికి మార్చడమే ఈ మర పని. మరి ఎముకలో ఎక్కడ?

1945లో గెయిన్స్‌ఫోర్త్, హిగ్లీ కుక్కల కింది దవడలో వైటాలియం మరలు బిగించారు. నెల రోజుల్లో అన్నీ ఊడాయి. 1983లో అమెరికన్లు క్రీక్‌మోర్, ఎక్లండ్ ముక్కు దిగువ ఎముకలో ఒక మర దించి, కిందికి దిగిన పై కుంతకాలను 6 మిల్లీమీటర్ల దాకా పైకి లాగగలిగారు. 1997లో జపాన్ వైద్యుడు కనోమి 1.2 మి.మీ. లావు, 6 మి.మీ. పొడవున్న మరను కింది కుంతకాల వేళ్ల మధ్య బిగించాడు. ఇంత సన్నని మర రావడంతో పంటికీ పంటికీ నడుమ ఉన్న సందు పనికొచ్చే చోటైంది. కొరియాలో పార్క్, క్యుంగ్ వంటివారు పై దవడలో రెండో అగ్రచర్వణకానికీ మొదటి చర్వణకానికీ మధ్య స్థలాన్ని బాగా వాడారు.

అయితే అక్కడ ఒక ఇరకాటం ఉంది. చిగురు అంచు దగ్గర వేళ్ల మధ్య సందు ఇరుకు. వేరు కొనవైపు వెళ్తే సందు పెరుగుతుంది గానీ, ఎముకకు అంటుకున్న గట్టి చిగురు అయిపోయి, కదిలే మెత్తని పొర వస్తుంది. అక్కడ మర చుట్టూ వాపు వస్తుంది. 2003లో మియవాకి బృందం మర ఊడటానికి చూపిన కారణాల్లో ఈ వాపూ ఒకటి. 1 మి.మీ. లావు మరలైతే వారి లెక్కలో ఒక్కటీ నిలవలేదు. పోనీ లావు పెంచుదామంటే వేరుకు తగిలే ప్రమాదం. 1.3 మి.మీ. మరకు రెండు పక్కలా ఒక్కో మిల్లీమీటరు వదిలినా 3.3 మి.మీ. సందు కావాలి. పైగా బలం పడ్డాక మర కాస్త కదలవచ్చని 2004లో తైవాన్ వైద్యుడు లియూ చూపి, వేరుకు 2 మి.మీ. దూరం పాటించమన్నాడు.

2006లో పొజ్జియో బృందం సీటీ చిత్రాలు కొలిచి ‘సురక్షిత స్థలాల’ పటం గీసింది. కింది దవడలో మొదటి, రెండో చర్వణకాల మధ్య చోటు అందులో మెరుగైనది. పై దవడ చివరి గుబ్బ దాదాపు పనికిరాదని తేలింది. అయినా అది సగటు లెక్కే. ఎదుట కూర్చున్న రోగి ఎక్స్‌రే చూడక తప్పదు.

తర్వాతి వైద్యులు వేళ్ల సందును వదిలి అంగిలి ముందు భాగానికి, చెంప ఎముక దిగువ గట్టుకు, కింది చర్వణకాల బయటి అరుగుకు మళ్లారు. ఆ అరుగులో తైవాన్‌కు చెందిన చాంగ్ బృందం బిగించిన 1,680 మరల్లో 7.2 శాతమే విఫలమయ్యాయని 2015లో వెల్లడైంది. మర తలను చిగురుకు 5 మి.మీ. ఎత్తున ఉంచడంతో, గట్టి చిగురులో బిగించినా, కదిలే పొరలో బిగించినా ఫలితం దాదాపు ఒకటే వచ్చింది.