చేసిన చోటే దిద్దుకోవాలి



"తప్పయిపోయింది" అనే మాట మన ఇళ్ళల్లో రోజుకు ఎన్నిసార్లు వినబడుతుందో లెక్కపెట్టలేం. పాలు పొంగి పొయ్యి ఆరిపోతే తప్పయిపోయింది. పిల్లవాడు పలక పగలగొట్టుకొస్తే తప్పయిపోయింది. ఆ మాట అన్నంత మాత్రాన తప్పు నిజంగా పోతుందా? మన తెలుగు కథల్లో ఈ ప్రశ్న ఆరువందల ఏళ్ళకు పైగా నలుగుతూనే ఉంది.

పశ్చాత్ అంటే తరువాత, తాపం అంటే మంట. చేసేటప్పుడు తెలియదు, చేశాక లోపల మండుతుంది. అదే పశ్చాత్తాపం. ప్రాయశ్చిత్తం వేరు. దానికి ఉపవాసమో, దానమో, తీర్థయాత్రో ఉంటుంది, నలుగురికీ కనబడుతుంది. పశ్చాత్తాపం లోపలిది. అందుకే అది నిజమో నటనో పోల్చుకోవడం కష్టం. మన కవులు దాన్ని ఎలా పరీక్షించారో చూడండి.

మా తర్లుపాడుకు తూర్పున ఉన్న అద్దంకిలో 14వ శతాబ్దంలో ప్రోలయ వేమారెడ్డి కొలువుండేవాడు. ఆయన ఆస్థానకవి ఎర్రన. నన్నయ గారు సగంలో వదిలిపెట్టిన అరణ్యపర్వాన్ని పూర్తిచేసిన మహానుభావుడు. ఆ భాగంలోనే కౌశికుడి కథ వస్తుంది. చెట్టుకింద వేదం చదువుకుంటున్న కౌశికుడి మీద కొంగ రెట్ట వేసింది. ఆయన కోపంగా చూడగానే అది చచ్చిపడింది. అయ్యో అని బాధపడ్డాడు. బాధపడి భిక్షకు వెళ్ళాడు. ఒక ఇల్లాలు, ఆకలితో వచ్చిన భర్తకు వడ్డిస్తూ, ఈయన్ను కాసేపు నిలబెట్టింది. అంతే, మళ్ళీ అదే కోపం! ఆమె బెదరలేదు. నేను కొంగను కాదు సుమా అన్న అర్థం వచ్చేలా చెప్పి, ధర్మం తెలుసుకోవాలంటే మిథిలలో మాంసం అమ్ముకునే ధర్మవ్యాధుడి దగ్గరికి వెళ్ళమంది.

గమనించారా? కొంగ కోసం పడ్డ బాధ అబద్ధం కాదు. కాని ఆ బాధ ఆయన చూపును మార్చలేదు. చేసినదానికి కుమిలిపోవడం ఒక మెట్టు, మళ్ళీ చేయనని నిలబడడం రెండో మెట్టు అని భారతం ధర్మవ్యాధుడి చేతనే చెప్పిస్తుంది. ఆయన అక్కడితో ఆగలేదు. నీ మీద బెంగతో చూపు పోగొట్టుకున్న నీ తల్లిదండ్రుల దగ్గరికి వెళ్ళి సేవ చెయ్యి అన్నాడు. ఇదే మూడో మెట్టు. ఎవరికి అన్యాయం జరిగిందో వాళ్ళ గుమ్మానికే తిరిగి వెళ్ళాలి. కౌశికుడు వెళ్ళాడు.

16వ శతాబ్దంలో తెనాలి రామకృష్ణకవి దీన్ని తిరగేసి చూపించాడు. పాండురంగ మాహాత్మ్యంలో నిగమశర్మ దుర్వ్యసనాల పాలై ఇల్లు గుల్ల చేస్తాడు. అక్క వచ్చి, దగ్గర కూర్చోబెట్టుకుని బుద్ధులు చెబుతుంది. తమ్ముడు మారినట్టే కనబడతాడు, నాలుగురోజులు ఇంటిపట్టునే ఉంటాడు. ఆ తరువాత ఒక రాత్రి నగలన్నీ మూటగట్టుకుని మాయం! తెల్లవారాక అక్క ముక్కర పోయిందని గోలపెడుతుంటే మనకు నవ్వొస్తుంది. కాస్సేపటికి మనసు చివుక్కుమంటుంది. నమ్మినందుకు నష్టపోయింది ఆమే కదా! ఆ అక్కకు కవి పేరైనా పెట్టలేదు. అయినా ఆమె మనకు ఇంట్లో మనిషిలాగే గుర్తుండిపోయింది.

ఇక 1910లో గురజాడ అప్పారావు గారి "దిద్దుబాటు" వచ్చింది. గోపాలరావు సానిపాట విని అర్ధరాత్రి దాటాక ఇల్లు చేరతాడు. భార్య కమలిని కనబడదు. ఆ కోపంలో నౌకరు రాముణ్ణి ఒక చెంపకాయ కొట్టి, వెంటనే జాలిపడి వాడి వీపు నిమురుతాడు. భార్య రాసిపెట్టిన ఉత్తరం చదివి కుమిలిపోతాడు. చివరికి మంచం కింద గాజులు గలగలమంటాయి, నవ్వు వినబడుతుంది. కథ అక్కడితో అయిపోయింది. మర్నాటి సాయంత్రం గోపాలరావు ఇంటికి ఎన్నింటికి వచ్చాడో గురజాడ గారు చెప్పలేదు. అసలు పరీక్ష ఆ సాయంత్రమే మొదలవుతుందని మనకు వేరే చెప్పాలా?

రష్యాలో టాల్‌స్టాయ్ 1899లో "రిసరెక్షన్" అనే నవల రాశాడు. కట్యూషా అనే అమ్మాయి బతుకు పాడుచేసిన దొర, ఏళ్ళ తరువాత ఆమెను కోర్టులో ముద్దాయిగా చూసి కుమిలిపోయి, సైబీరియా దాకా వెంట వెళ్తాడు, పెళ్ళి చేసుకుంటానంటాడు. ఆమె ఒప్పుకోదు. పశ్చాత్తాపపడ్డాను కనుక క్షమించి తీరాలి అనే హక్కు ఎవరికీ లేదన్నమాట.

ఇవన్నీ చదివిన నేను ఏం చేశానో కూడా చెప్పాలి. ఒకసారి మా పాప వెండి ఉగ్గుగిన్నె కనబడలేదు. మా ఊళ్ళో నీళ్ళకు ఎప్పుడూ కటకటే. కుళాయి దగ్గర బిందెలు బారులు తీరి ఉంటాయి. అక్కడ, అందరి ముందూ, మా ఇంట్లో అంట్లు తోమే ఆమెను అనుమానించి ఒక మాట అనేశాను. వారానికి గిన్నె పాత చీరల మూటలో దొరికింది. సిగ్గుతో చచ్చిపోయాను. ఆమెను వంటింట్లోకి పిలిచి, కళ్ళనీళ్ళు పెట్టుకుని, ఒక చీర చేతిలో పెట్టబోయాను. ఆమె తీసుకోలేదు. "నలుగురిలో అన్న మాటను నాలుగ్గోడల మధ్య తీసేస్తే పోతాదా అమ్మా?" అంది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తెల్లవారి బిందె పట్టుకుని కుళాయి దగ్గరికి వెళ్ళాను. గొంతు పెగల్లేదు. అయినా గిన్నె మా ఇంట్లోనే ఉందనీ, ఆమెను అన్న మాట నా తప్పేననీ అందరికీ వినబడేలా చెప్పాను. ఆమె ఏమీ అనలేదు. తన బిందె కాస్త జరిపి నాకు చోటిచ్చింది.

ధర్మవ్యాధుడు కౌశికుణ్ణి ఇంటికి ఎందుకు పంపాడో నాకు ఆరోజే తెలిసింది. కన్నీళ్ళు ఎక్కడైనా పెట్టుకోవచ్చు. తప్పును మాత్రం చేసిన చోటే దిద్దుకోవాలి.