విప్పని ముడి

జావా ద్వీపమున పల్లెప్రజలు మిక్కిలి వెరచు దయ్యము పొచోంగ్. మలే జనులు దానిని హంతు బుంగ్కుస్, అనగా మూట దయ్యము, అందురు. అది నడువదు, గెంతును. ఏల?

అచటి ముస్లిములు మృతదేహమునకు కఫను అను తెల్లని వస్త్రమును చుట్టి, తలకడను పాదములకడను ముడివేయుదురు. సమాధిలో దింపిన పిదప ముఖమును మక్కావైపు త్రిప్పి, ముడులు విప్పుదురు. బంధువులు ఇది మరచినచో మృతుడు కట్టిన కాళ్ళతోనే లేచివచ్చి, విప్పుడని వేడుకొనునట. విప్పినంతనే శాంతించి మరలిపోవునట.

ఈ వస్త్రమే సత్యమునకు సాక్షియు నగును. తూర్పు జావాలో చేతబడి మొదలగు నిందలు పడినవారు కఫను ధరించి, మసీదులో ప్రమాణము చేయుట కలదు. దానిని సుంపా పొచోంగ్ అందురు. అబద్ధమాడినవానికి కీడు తప్పదని నమ్మిక.

2020లో కరోనా వ్యాపించినపుడు మధ్య జావాలోని కెపూ గ్రామ యువకులు పొచోంగ్ వేషములతో రాత్రివేళ కాపుండిరి. మొదట జనులు వింత చూడ వచ్చిరి. వేషధారులు చెప్పకుండ తిరుగసాగిన పిదపనే ఇండ్లు చేరిరి.

కావున పొచోంగును పగబట్టిన పిశాచముగా మేము తలంపము. అది బ్రతికియున్నవారు తీర్పక విడిచిన కడపటి ఋణము. ఆ భయము వెనుక నున్నది ఒక్క ముడి. దానిని విప్పవలసినది మన చేయి.