పెట్రోలు తాగని రబ్బరు

ఫుల్ ట్యాంకు కొట్టించి బంకు దాటి మొదటి మలుపు తిరగ్గానే బండిలో గుప్పున పెట్రోలు వాసన వచ్చిందనుకోండి. జగిత్యాలలోనైనా సిరిసిల్లలోనైనా పాతకాపు మెకానిక్ అయితే ముందే ట్యాంకు కిందికి దూరడు. పెట్రోలు పోసే మూతి వెనక్కి చెయ్యి పోనిచ్చి తడిమి చూస్తాడు. బయటి మూతికీ లోపల దాగిన ట్యాంకుకీ మధ్య లావుపాటి రబ్బరు గొట్టం ఒకటి ఉంటుంది. దాని పక్కనే వేలంత సన్న గొట్టం ఇంకొకటి. మూతి బండి రేకుకు రాసుకోకుండా చుట్టూ ఒక రబ్బరు పట్టీ, మూత లోపల ఒక వాషరు. ఇంతే సరంజామా. ట్యాంకు సగం దాకా ఉన్నన్నాళ్లు పెట్రోలు ఇక్కడిదాకా రాదు, ఆవిరే తగులుతుంది. అందుకే గొట్టం పగిలినా ఎవరికీ తెలియదు. రెండు వందలకో మూడు వందలకో పోయించుకుని తిరిగే మన అలవాటు ఈ జబ్బును ఏళ్ల తరబడి దాచిపెడుతుంది.

మొదట్లో మోటారు బండ్లకు ఈ రబ్బరు ముక్క అవసరమే పడలేదు. 1908లో వచ్చిన ఫోర్డ్ మోడల్ టీకి ట్యాంకు ముందు సీటు కిందే ఉండేది. దిండు ఎత్తి, మూత తీసి, గరాటా పెట్టి పోసేవాళ్లు. ఎంత ఉందో చూడాలంటే పుల్ల ముంచి చూసుకోవడమే. 1927 చివర్లో వచ్చిన మోడల్ ఏలో ట్యాంకును డ్రైవరు ముందున్న అద్దం కిందికి తెచ్చారు, మూతి అద్దానికి ముందే ఉండేది. రెండింట్లోనూ మూతి ట్యాంకుకే అతికి ఉండేది కాబట్టి మధ్యలో గొట్టంతో పనిలేదు.

ట్యాంకు మనుషుల దగ్గర్నించి దూరం జరిగి వెనక్కీ కిందికీ పోయాక చిక్కు మొదలైంది. మూతి బండి పక్కరేకు మీద, ట్యాంకు కింద ఛాసిస్‌కు బిగించి. గుంతలో పడ్డప్పుడల్లా రేకు ఒకలా ఊగుతుంది, ట్యాంకు ఇంకోలా ఊగుతుంది. రెంటినీ ఇనప గొట్టంతో టాకా వేస్తే టాకా దగ్గరే చిట్లుతుంది. మధ్యలో వంగే ముక్క తప్పనిసరి. వ్యాన్లలో ఈ మార్పు తేటగా కనబడేది జర్మనీ వాళ్ల ఫోక్స్‌వ్యాగన్ వ్యానులో. 1950లో వచ్చిన తొలి బండ్లలో పెట్రోలు పోయాలంటే వెనకనున్న ఇంజను తలుపు తెరవాలి, వేడి ఇంజను పక్కనే మూతి. 1955లో బండిని మార్చినప్పుడు మూతిని బయటి రేకు మీదికి తెచ్చారు. అలా బయటికి వచ్చిన మూతికల్లా లోపల ఒక రబ్బరు మెడ కావాల్సి వచ్చింది.

ఆ సన్న గొట్టం సంగతీ చెప్పాలి, దాన్ని చాలామంది వృథా అనుకుని మూసేస్తారు. ట్యాంకులోకి పెట్రోలు దిగాలంటే అందులోని గాలి బయటికి రావాలి. ఆ దారే సన్న గొట్టం, మెకానిక్కులు బ్రీదర్ పైపు అంటారు. బంకులో గన్ను కొసన చిన్న రంధ్రం ఉంటుంది. పెట్రోలు పైకొచ్చి ఆ రంధ్రాన్ని మూసిందంటే లోపల పీడనం మారి గన్ను టక్కున ఆగిపోతుంది. బ్రీదర్ పైపు నలిగినా, లోపల ఉబ్బి మూసుకుపోయినా, గాలి పోయే దారిలేక పెట్రోలు మూతిదాకా ఎగదన్నుతుంది. గన్ను మాటిమాటికీ ఆగుతుంది. బంకు కుర్రాడి మీద కోప్పడేముందు ఈ పైపు చూసుకోవాలి.

ఇక అసలు కథ రబ్బరుది. 1839లో అమెరికాలో చార్లెస్ గుడ్‌ఇయర్ రబ్బరులో గంధకం కలిపి వేడిచేసి, ఎండకు జిగురు కాని, చలికి పెళుసెక్కని రబ్బరు చేశాడు. 1844లో పేటెంటు వచ్చింది. టైర్లు, బెల్టులు, గొట్టాలు అన్నీ ఆ పుణ్యమే. కానీ పెట్రోలు ముందు అది కూడా నిలవలేదు. చెట్టు పాలనుంచి వచ్చిన రబ్బరూ, భూమిలోంచి వచ్చిన పెట్రోలూ రసాయనంగా దగ్గరి చుట్టాలు. రెండూ కార్బన్, హైడ్రోజన్‌ల అల్లికలే. అందుకని రబ్బరు పెట్రోలును పీల్చుకుని ఉబ్బుతుంది, మెత్తబడుతుంది, చివరికి వేలితో చిదిమితే ఊడొచ్చే స్థితికి వస్తుంది. నమ్మకపోతే పాత సైకిల్ ట్యూబు ముక్కను పెట్రోలులో ఒక రాత్రి నానబెట్టి చూడండి, వంటింటికి దూరంగా మాత్రం.

ఈ లోపాన్నే గుణంగా వాడుకున్న చోటు ఒకటుంది. రెండో ప్రపంచ యుద్ధంలో విమానాల ట్యాంకుల గోడల మధ్య పచ్చి రబ్బరు పొర పెట్టారు. తూటా దూసుకుపోతే కారిన పెట్రోలు ఆ రబ్బరును తాకి ఉబ్బించేది, ఉబ్బిన రబ్బరు తూటా చేసిన బొక్కను తనంతట తానే పూడ్చేది. ఎందరో పైలట్లు ప్రాణాలతో దిగడానికి కారణం పెట్రోలు తాగే రబ్బరే.

గొట్టానికి మాత్రం తాగని రబ్బరు కావాలి. ఆ వెతుకులాటలో మొదట దొరికింది అనుకోకుండా దొరికిందే. 1920లలో అమెరికాలోని కాన్సస్ సిటీలో జోసెఫ్ పాట్రిక్ అనే ఆయన రేడియేటర్ నీళ్లు గడ్డకట్టకుండా చేసే ద్రవం కోసం రసాయనాలు కలుపుతుంటే జిగురు ముద్ద తేలింది. గంధకం దండిగా ఉన్న ఆ ముద్దను పెట్రోలు ఏమీ చేయలేకపోయింది. థయోకోల్ అని పేరు పెట్టి అమ్మారు. దాని కంపు భరించలేక ఫ్యాక్టరీ చుట్టుపక్కల జనం గోల చేశారు. 1930లో డ్యూపాంట్ కంపెనీ ప్రయోగశాలలో, వాలెస్ కెరోథర్స్ బృందంలోని ఆర్నాల్డ్ కాలిన్స్ చేతిలో క్లోరిన్ ఉన్న మరో రబ్బరు తయారైంది. తర్వాత దాన్నే నియోప్రీన్ అన్నారు. ఎండకూ గాలికీ ఆగుతుంది, పెట్రోలుకు ఫరవాలేదు అన్నంత ఆగుతుంది. అదే ఏడు జర్మనీలో ఐజీ ఫార్బెన్ కంపెనీకి చెందిన ఎరిక్ కొన్రాడ్, ఎడువర్డ్ చుంకుర్ నైట్రైల్ రబ్బరుకు పేటెంటు కోరారు. 1930ల నడిమికి అది బజారుకొచ్చింది. రబ్బరు గొలుసులో అక్కడక్కడా నైట్రోజన్ ఉన్న ముక్కను అతకడమే కిటుకు. దాంతో పెట్రోలుకూ రబ్బరుకూ చుట్టరికం చెడింది. ఆ ముక్క పాలు పెంచేకొద్దీ పెట్రోలుకు గట్టిపడుతుంది కానీ చలికి బిగుసుకుపోతుంది. మన దగ్గర చలి సమస్య కాదనుకోండి.

నైట్రైలుకు ఉన్న పెద్ద బలహీనత ఎండ. నేరుగా ఎండా గాలీ తగిలితే సన్న బీటలు తీస్తుంది. అందుకని మంచి పెట్రోలు గొట్టం ఒకే రబ్బరుతో ఉండదు. లోపల పెట్రోలుకు ఓర్చే నైట్రైలు, బయట ఎండకు ఓర్చే నియోప్రీన్ లాంటిది, నడుమ దారపు అల్లిక. అడ్డంగా కోసి చూస్తే ఆ దారాలు కనబడతాయి. మరమగ్గాల మీద పాలిస్టర్, కాటన్ నేసే సిరిసిల్ల వాళ్లకు పరిచయం చెయ్యక్కర్లేని సరుకే అది. 1957లో డ్యూపాంట్ వాళ్లే ఫ్లోరిన్ ఉన్న వైటన్ తెచ్చారు. పెట్రోలు, వేడి, ఎండ మూడింటినీ ఓర్చుకుంటుంది. ధర మాత్రం ఓర్చుకోలేం.

మన వైపు వ్యానుల చరిత్ర రెండు పేర్లలో చాలా వరకు ఇమిడిపోతుంది. ఒకటి మెటడోరు. జర్మనీలో విడాల్ కుటుంబం టెంపో పేరుతో బండ్లు చేసేది, 1949లో అక్కడ మెటడోరు వచ్చింది. ఆ కంపెనీతో కలిసి 1958లో మొదలైన బజాజ్ టెంపో ఆ పేర్లను ఇక్కడికి తెచ్చింది. మన ఊళ్లలో తిరిగిన మెటడోర్లు డీజిలువి. రెండోది మారుతి వ్యాను. 1984 చివర్లో రోడ్డెక్కింది, 796 సీసీ, మూడు సిలిండర్ల పెట్రోలు ఇంజను. 1988లో ఓమ్నీ అన్నారు కానీ జనం నోట ఇప్పటికీ మారుతి వ్యానే. 2019లో తయారీ ఆపేశారు. సినిమాల్లో కిడ్నాపులకు వాడారు గానీ కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాలల్లో అది గల్ఫ్ పోయేవాళ్లను సాగనంపిన బండి. ఒకప్పుడు బేగంపేట విమానాశ్రయానికి, 2008 మార్చి తర్వాత శంషాబాద్‌కు. సిరిసిల్లలో నూలు కోన్లూ గుడ్డ తానులూ మోసింది, బడి పిల్లలను మోసింది, అంబులెన్సు అయింది. వంటగ్యాసు సిలిండరు పెట్టి దొంగచాటుగా నడిపిన రోజులూ ఉన్నాయి, అది ఎవరికీ తెలియని రహస్యం ఏమీ కాదు. అలా గ్యాసు మీద నడిచిన బండ్లలోనే పెట్రోలు గొట్టాలు ముందు పోయాయి. పెట్రోలు తగలని నైట్రైలు ఎండి, కుంచించుకుపోయి, గట్టిపడి పగులుతుంది. రబ్బరును మెత్తగా ఉంచే నూనెలను పెట్రోలు అంతకుముందే లాగేసి ఉంటుంది. 45 డిగ్రీలు దాటే ధర్మపురి, వెల్గటూరు ఎండల్లో ఏళ్లపాటు నిలబెట్టిన బండికి ఇక చెప్పేదేముంది.

ఆ వ్యానుల రబ్బరు తయారైనప్పుడు పెట్రోలంటే పెట్రోలే. ఇప్పుడు అందులో అయిదో వంతు ఇథనాల్. కలపడం మన దేశానికి మరీ కొత్త కాదు, 1948లోనే పవర్ ఆల్కహాల్ చట్టం చేశారు. కానీ దేశమంతటా కచ్చితంగా జరిగింది మొన్నమొన్ననే. 2022లో పది శాతం, 2023 ఫిబ్రవరిలో 20 శాతం అమ్మకాలు మొదలు, 2025లో దేశవ్యాప్తంగా 20 శాతం. ముందు 2030కి అనుకున్నది అయిదేళ్ల ముందే అయిపోయింది. పాత నైట్రైలుకు ఉత్త పెట్రోలూ కొంత నయమే, ఉత్త ఇథనాలూ కొంత నయమే. పది నుంచి పాతిక శాతం దాకా కలిసిన మిశ్రమంలోనే ఎక్కువ ఉబ్బుతుంది. సరిగ్గా మనం పోయించుకుంటున్నదే అది. 2025 ఆగస్టులో పెట్రోలియం శాఖే ఒక వివరణ ఇచ్చింది. కొన్ని పాత బండ్లలో 20 వేలు, 30 వేల కిలోమీటర్లు తిరిగాక కొన్ని రబ్బరు భాగాలు, గ్యాస్కెట్లు మార్చాల్సి రావచ్చు, ఖర్చు తక్కువే, మామూలు సర్వీసింగులో అయిపోతుంది అని. ఖర్చు తక్కువన్నది నిజమే. సరైన గొట్టం కోరుట్లలో ఏ దుకాణంలో దొరుకుతుందో మాత్రం ఆ వివరణలో లేదు.

ఇందులో ఈ ప్రాంతానికి ఇంకో చురక ఉంది. ఇథనాల్‌కు మూలాలు చెరుకు మడ్డి, మక్కలు, బియ్యం. మెట్‌పల్లి దగ్గర ముత్యంపేటలో ఉన్న నిజాం దక్కన్ షుగర్స్ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో, బోధన్, మెదక్ ఫ్యాక్టరీలతో పాటే మూతపడింది. దేశం ఇథనాల్ కోసం ఎగబడే వేళకు ఇక్కడ గానుగ ఆగిపోయింది. కొత్తగా ధాన్యంతో ఇథనాల్ తీసే ఫ్యాక్టరీలు పెడతామంటే పక్కనే నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్‌లో 2024 నవంబరులో జనం రోడ్డు మీద కూర్చున్నారు. చెరుకు ఫ్యాక్టరీ తెరవమన్నా, ఇథనాల్ ఫ్యాక్టరీ వద్దన్నా, అదే ఇథనాల్ అందరి ట్యాంకుల్లోకీ వస్తూనే ఉంది.

సరే, గొట్టం పోయింది, ఏం చేస్తారు? దారిలో ట్యాంకు చెమరిస్తే బట్టల సబ్బు రుద్దడం మన డ్రైవర్లకు తెలిసిన పాత విద్య. సబ్బు పెట్రోలులో కరగదు కాబట్టి ఊరు చేరేదాకా ఆగుతుంది. సైకిల్ ట్యూబు చుట్టి తీగతో బిగించడం అంతకన్నా తక్కువ రోజులు ఆగుతుంది, కారణం పైన చెప్పిందే. వీటన్నిటికంటే ప్రమాదకరమైంది కొత్తగా మెరుస్తూ కనిపించే తప్పు. సైజు సరిపోయిందని రేడియేటర్ హోస్ ముక్క కోసి బిగించడం. అది ఇప్పట్లో ఎక్కువగా ఈపీడీఎం అనే రబ్బరు. వేడి నీళ్లకు బంగారం, పెట్రోలుకు మాత్రం చెట్టు రబ్బరులాగే లొంగిపోతుంది. చూడ్డానికి రెండూ నల్లగానే ఉంటాయి, నెలల్లోనే తేడా తెలుస్తుంది.

మార్చే పని పెద్దదేం కాదు. ట్యాంకు దాదాపు ఖాళీ అయ్యాక, ఇంజను చల్లారాక, బ్యాటరీ వైరు తీసేసి, షెడ్డులో కాకుండా ఆరుబయట చేయాలి. దగ్గర్లో వెల్డింగ్ గానీ బీడీ గానీ ఉండకూడదు. ఖాళీ ట్యాంకు నిండు ట్యాంకుకన్నా ప్రమాదం, పేలేది ఆవిరే. పాత గొట్టాన్ని లాగి పీకితే మూతి రేకు చిరుగుతుంది, పొడవునా కోసి తీయడం మేలు. మూతి కొస తుప్పు పట్టి ఉంటే గరగర లేకుండా నునుపు చేయాలి, లేకపోతే కొత్త రబ్బరును అదే కోస్తుంది. లావు గొట్టంతో పాటు బ్రీదర్ పైపు, పట్టీ, మూత వాషరు ఒకేసారి మార్చేయాలి. ఒకటే వయసు వాటన్నిటిదీ. మూత కూడా ఏది పడితే అది పెట్టకూడదు. గాలి పీల్చే దారి మూతలోనే ఉన్న పాత బండికి బిగుతు మూత పెడితే కొంతదూరం పోయాక ట్యాంకులో శూన్యం ఏర్పడి బండి ఆగిపోతుంది.

ఇంత శ్రమపడి నిలబెట్టుకున్న 1985 నాటి వ్యానును సర్కారు ఇంకా వింటేజ్ అనదు. 2021 జులైలో వచ్చిన నిబంధనల ప్రకారం రిజిస్ట్రేషన్ అయి 50 ఏళ్లు దాటాలి, అసలు రూపం మారకూడదు. అప్పటిదాకా అది ఉత్త పాత బండే. 2025 ఆగస్టు నుంచి, ఇరవై ఏళ్లు దాటిన కారుకో వ్యానుకో రిజిస్ట్రేషన్ తిరగరాయించుకునే రుసుము 10 వేల రూపాయలైంది. పాత బండి పెట్టుకున్నందుకు రుసుము పెంచడం తెలిసినవాళ్లకు, దానికి సరిపడే తక్కువ ఇథనాల్ పెట్రోలు బంకులో ఒక మూలనైనా ఉంచాలని తెలియకపోవడం అన్యాయం అని నా అభిప్రాయం.

గొట్టం కోసం కరీంనగర్ పోయినా, హైదరాబాద్ రాణిగంజ్, పుత్లీబౌలి దుకాణాలు తిరిగినా, పాత ముక్కను వెంట తీసుకెళ్లండి. కొత్తదాని మీద అచ్చు చదవండి. ట్యాంకు మూతి గొట్టాలకు, బ్రీదర్‌లకు ఎస్‌ఏఈ 30ఆర్6 అని ఉంటుంది. సన్న పైపుల్లో 30ఆర్9 దొరికితే ఇంకా మంచిది, దాని లోపొర ఫ్లోరిన్ రబ్బరు, ఇథనాల్‌కు ఓర్చుకుంటుంది. ఏ అచ్చూ లేని నల్ల గొట్టానికి, దుకాణదారు ఎంత మంచివాడైనా సరే, డబ్బులివ్వకండి.