ముదిరిన ముక్కు, సైనస్ క్యాన్సర్లకు కీమోథెరపీ

ముక్కు, సైనస్ క్యాన్సర్లు అరుదైనవి. తొలి లక్షణాలు జలుబును పోలి ఉండటం వల్ల పలువురు వ్యాధి ముదిరాకే వైద్యులను ఆశ్రయిస్తుంటారు.

ఈ వ్యాధి సాధారణంగా కీమోథెరపీతో మాత్రమే నయం కాదు. శస్త్రచికిత్సకు, రేడియేషన్‌కు అది తోడ్పడుతుంది. శస్త్రచికిత్సకు ముందు సిస్‌ప్లాటిన్, డోసిటాక్సెల్ వంటి మందులు ఇస్తే కొందరిలో కణితి తగ్గి, కన్ను తొలగించవలసిన అవసరం తప్పవచ్చు. శస్త్రచికిత్స వీలుకాని వారికి రేడియేషన్‌తో పాటు సిస్‌ప్లాటిన్ ఇస్తారు. ఈ మందు మూత్రపిండాలపైన, వినికిడిపైన ప్రభావం చూపగలదు కనుక తగిన పరీక్షలు తప్పనిసరి.

ఒకవైపే ముక్కు దిబ్బడ, రక్తస్రావం, చెంప వాపు, పైపళ్లు కదలడం వంటివి వారాల తరబడి ఉంటే కొత్తపట్నం మండల వాసులు ఒంగోలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో పరీక్ష చేయించుకోవాలి. గుంటూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో నాట్కో క్యాన్సర్ కేంద్రం ఉంది. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై, నేడు డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవగా కొనసాగుతున్న పథకం కింద అర్హులకు క్యాన్సర్ చికిత్స ఉచితం.