సింగపూర్ టీవీ: భాషల మధ్య గంటల పంపకం

ఉగాది సంచికకు సింగపూర్ చరిత్రకు సంబంధించినది ఏదైనా వ్రాయమని కార్యవర్గం వారు కోరారు. ర్యాఫిల్స్ దొర గురించి, రేవు గురించి, రబ్బరు తోటల గురించి ఇదివరకే చాలామంది వ్రాశారు. హాల్లో ఒక మూల కూర్చుని మన పిల్లలకు మనకంటే ఎక్కువ మాటలు నేర్పిన టెలివిజన్ గురించి వ్రాసినవారు మాత్రం తక్కువ. ఈ ఊరి టీవీ స్టేషన్ చరిత్ర మొదటినుంచీ భాషల మధ్య గంటలు పంచిపెట్టిన కథ అని నా అభిప్రాయం. ఆ పంపకంలో తెలుగువారికి ఏమి దక్కింది, ఏ దారిన దక్కింది అన్నది మన కుటుంబాలన్నింటికీ సంబంధించిన విషయం గనుక కాస్త వివరంగానే వ్రాస్తున్నాను.

1963 ఫిబ్రవరి 15వ తేదీ సాయంత్రం ఆరు గంటలకు 'టెలివిజన్ సింగపూర' పేరుతో ప్రయోగాత్మక ప్రసారాలు మొదలయ్యాయి. ప్రారంభోత్సవం విక్టోరియా మెమోరియల్ హాలులో జరిగింది. ప్రారంభించినవారు అప్పటి సాంస్కృతిక శాఖ మంత్రి ఎస్. రాజరత్నం గారు. యాళ్పాణంలో పుట్టి, మలయాలో పెరిగి, లండన్‌లో కథలు వ్రాసి, సింగపూర్‌లో పత్రికా రచయితగా పేరు తెచ్చుకున్నవారు ఆయన. రేడియో నాటకాలు కూడా వ్రాశారు. తర్వాత ఈ దేశ పిల్లలు రోజూ బడిలో చెప్పే ప్రతిజ్ఞకు మూలం వ్రాసినదీ ఆయనే. టెలివిజన్ రాకతో జనజీవనంలో పెద్ద మార్పు మొదలు కావచ్చునని ఆయన ఆ సాయంత్రమే అన్నారు. ఆనాటి ప్రసారం మొత్తం గంటా నలభై నిమిషాలు. సింగపూర్ గురించి ఒక డాక్యుమెంటరీ, పిల్లలకు కార్టూన్లు, వార్తలు, కొంత వినోదం, అంతే.

ఆ ఏడాదే ఏప్రిల్ 2న రోజువారీ ప్రసారాలు మొదలయ్యాయి. దేశాధిపతి యూసుఫ్ ఇషాక్ గారు వాటిని ప్రారంభించారు. అది ఛానల్ 5. నవంబరు 23న ఛానల్ 8 వచ్చింది. ఈ అంకెలు ఎలా వచ్చాయని మా అబ్బాయి చిన్నప్పుడు అడిగేవాడు. ఒకటి, రెండు అని కాకుండా అయిదు, ఎనిమిది ఏమిటని వాడి సందేహం. సమాధానం చాలా సులువు. గాలిలో సంకేతాలు పంపడానికి వీహెచ్ఎఫ్ తరంగాలను అరలుగా విభజించి ఒక్కొక్క అరకు ఒక్కొక్క నంబరు ఇచ్చారు. సింగపూర్ వాడుకున్నవి అయిదో అర, ఎనిమిదో అర. 1984లో మూడో ఛానల్ వచ్చినప్పుడు అది పన్నెండో అరలో కూర్చుంది. స్టూడియోలు కాల్డికాట్ కొండ మీద ఉండేవి, ప్రసార స్తంభం బుకిట్ బాటోక్ కొండ మీద. కొండ అనగానే మన తిరుమలను తలచుకోకండి, ఈ ఊళ్ళో కాస్త ఎత్తుగా ఉన్న ప్రతి మిట్టా కొండే. కాల్డికాట్ మీదనుంచి బొమ్మ బుకిట్ బాటోక్‌కు చేరితే, అక్కడినుంచి ఊరంతటికీ వెదజల్లబడేది. ఇంటి కప్పు మీద ఏంటెనా దాన్ని పట్టుకునేది. ఏంటెనాను కాస్త ఉత్తరానికి తిప్పితే జొహోర్ వైపునుంచి మలేషియా ప్రసారాలు కూడా వచ్చేవి.

టీవీ కొనగలిగినవారు అప్పట్లో కొద్దిమందే. అందుకని ప్రభుత్వం కమ్యూనిటీ సెంటర్లలో టీవీలు పెట్టించింది. కంపొంగులలో ఉన్న మలయులు, చీనావారు, తమిళులు, మనవారు సాయంత్రం భోజనాలు ముగించుకుని ఒకే పెట్టె ముందు కూర్చునేవారు. ఇక్కడే అసలు సమస్య వచ్చింది. పెట్టె ఒకటి, భాషలు నాలుగు: మలయ్, మాండరిన్, తమిళం, ఇంగ్లీషు. మొదట్లో నాలుగూ ఒకే ఛానల్‌లో వంతులవారీగా వచ్చేవి. రెండో ఛానల్ వచ్చాక స్థూలంగా ఇంగ్లీషు, మలయ్ ఛానల్ 5కు, మాండరిన్, తమిళం ఛానల్ 8కు వెళ్ళాయి. ముప్ఫయి ఏళ్ళు ఇంచుమించు ఇదే ఏర్పాటు. తమిళం, మాండరిన్ ఒకే ఇంట్లో అద్దెకున్న రెండు కుటుంబాల్లా సర్దుకున్నాయన్నమాట. వాటిలో పెద్ద గది ఎవరిదో చెప్పనక్కరలేదు.

ఈ లోపల దేశమే మారిపోయింది. 1963 సెప్టెంబరులో సింగపూర్ మలేషియాలో కలిసింది, స్టేషన్ పేరూ మారింది. 1965 ఆగస్టు 9న విడిపోయింది. ఆ రోజు లీ క్వాన్ యూ గారు పత్రికల వారితో మాట్లాడుతూ కంటతడి పెట్టుకున్న దృశ్యం మనందరం ఎన్నోసార్లు చూసినదే. ఇప్పటికీ జాతీయ దినోత్సవం దగ్గరపడితే చూపిస్తూనే ఉంటారు. ఒక నాయకుడి గొంతు పూడుకుపోవడం జనం ఇళ్ళలో కూర్చుని చూశారు. మూడేళ్ళకు ముందైతే అదే సంగతి మరునాడు పత్రికలో చదువుకునేవారు. ఆ పెట్టెకు ఉన్న శక్తి ఏమిటో పాలకులకూ పాలితులకూ ఆ రోజుతో బాగా తెలిసిందని నేననుకుంటాను. స్వాతంత్ర్యం తర్వాత రేడియోనూ టీవీనీ కలిపి 'రేడియో అండ్ టెలివిజన్ సింగపూర్' చేశారు. 1966 ఆగస్టు 26న కాల్డికాట్ కొండ మీద టెలివిజన్ సెంటర్ ప్రారంభమైంది.

1974లో రంగులు వచ్చాయి. ఆ ఏడాది జూలైలో పశ్చిమ జర్మనీ, నెదర్లాండ్స్ మధ్య జరిగిన ప్రపంచకప్ ఫుట్‌బాల్ ఫైనల్‌ను ఇక్కడివారు రంగుల్లో చూశారు. మన దేశంలో రంగుల టీవీ 1982లో గాని రాలేదు. ఇంకొక పోలిక కూడా చెప్పుకోవాలి. మన తెలుగు సమాజం ఇక్కడ స్థాపించబడిన 1975లోనే, ఆగస్టు నెలలో, సైట్ అనే ప్రయోగం భారతదేశంలో మొదలైంది. అమెరికా ఉపగ్రహం ఒకదాని సాయంతో ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 పల్లెలకు ఏడాదిపాటు కార్యక్రమాలు పంపారు. టీవీలో తెలుగు మన పల్లెజనానికి వినిపించింది అప్పుడే. హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం 1977లో వచ్చింది. అంటే సింగపూర్‌లోని తెలుగువారికి టీవీ ముందే తెలుసు, టీవీలో తెలుగు మాత్రం తెలియదు. స్వదేశంలో మనవారి పరిస్థితి సరిగ్గా దీనికి తలకిందులు.

ఇక్కడ మనవారు ఏం చేశారు? తమిళం వేళకు టీవీ పెట్టుకున్నారు. మలయానుంచి ఇటు వచ్చి స్థిరపడిన పాత తెలుగు కుటుంబాల పెద్దలతో మాట్లాడితే అందరూ చెప్పేది ఇదే. బడిలో పిల్లలకు రెండో భాషగా తమిళం, టీవీలో తమిళం, గుళ్ళో తమిళం, సెరంగూన్ రోడ్డు కొట్లలో తమిళం. తెలుగుకు మిగిలింది వంటిల్లు. అదీ అమ్మమ్మ ఉన్నంత వరకు. 1990 ప్రాంతంలో హిందీ, పంజాబీ, బెంగాలీ, గుజరాతీ, ఉర్దూ భాషలను బడిలో రెండో భాషగా తీసుకోవడానికి అనుమతి వచ్చినప్పుడు కూడా ఆ అయిదింటిలో తెలుగు లేదు. నేను 1991లో ఉద్యోగం మీద వచ్చినప్పుడు, ఇంటిపేరు అచ్చంగా గోదావరి జిల్లాది, మాట అచ్చంగా తమిళం అయిన మిత్రులు కొందరు పరిచయమయ్యారు. వారికి తెలుగు అర్థమవుతుంది, బదులు మాత్రం తమిళంలో ఇస్తారు. దీన్ని నేను తప్పు పట్టను. గంటల లెక్క చూస్తే ఇంకొక విధంగా జరిగే అవకాశమే లేదు.

అయితే ఒక తమాషా ఉంది. ఆ తమిళ గంటలో మనవారి గొంతు వినపడని రోజు అరుదు. పాత సినిమా పాట వేస్తే పాడేది విజయనగరం సుశీలగారు, లేదా కాకినాడ పి.బి. శ్రీనివాస్ గారు. కొత్త పాట వేస్తే నెల్లూరు బాలసుబ్రహ్మణ్యం గారు. తెర మీద కన్నీరు పెట్టుకునేది సావిత్రిగారు. మా ఇంట్లో పాట రాగానే "ఇది మనవాళ్ళదే" అని మా ఆవిడ వంటింట్లోంచి కేకేసేది. పరాయి భాష గంటలోంచి మన వంతు మనం ఇలా ఏరుకునేవాళ్ళం.

గంటలు పోగొట్టుకున్నది మనమొక్కరమే అనుకోకూడదు. ఇక్కడి చీనావారి ఇళ్ళలో అసలు మాట్లాడుకునేది హొక్కియెన్, తియోచ్యూ, కాంటొనీస్ వంటివి. 1979లో 'మాండరిన్ మాట్లాడండి' ఉద్యమం మొదలైన తర్వాత రెండు మూడేళ్ళలో టీవీనుంచి, రేడియోనుంచి వాటిని తొలగించుకుంటూ వచ్చారు. హాంకాంగ్ సీరియళ్ళు మాండరిన్‌లోకి మార్చిన గొంతులతో రాసాగాయి. అంతవరకు ఆ కథలు ఆసక్తిగా చూసిన ముసలివారికి తమ ఇంటి పెట్టె హఠాత్తుగా అర్థం కాకుండా పోయింది. మన పక్క బ్లాకులోని చీనా అవ్వకూ మన అమ్మమ్మకూ ఈ విషయంలో వచ్చిన కష్టం ఒకటే. మనకు లేనిది ఎప్పుడూ లేదు, ఆమెకు ఉన్నది పోయింది. ఏది ఎక్కువ బాధో నేను చెప్పలేను. 2016లో, వృద్ధులకు ప్రభుత్వ పథకాలు తెలియజేయవలసి వచ్చినప్పుడు, ఛానల్ 8లో హొక్కియెన్ నాటకం ఒకటి తీసి ప్రసారం చేశారు. ముసలివారికి చెవికెక్కే భాష ఏదో అధికారులకు తెలియకపోలేదన్నమాట.

పరిపాలన సంగతులు త్వరగా చెప్పేస్తాను. 1980 ఫిబ్రవరి 1న ప్రభుత్వ శాఖ స్థానంలో సింగపూర్ బ్రాడ్‌కాస్టింగ్ కార్పొరేషన్, అంటే ఎస్‌బీసీ వచ్చింది. స్వంతంగా చీనా సీరియళ్ళు తీయడం 1982లో మొదలుపెట్టింది. 1994 అక్టోబరులో దానిని విడగొట్టి కంపెనీలుగా మార్చారు. తర్వాత అవి మీడియాకార్ప్ అయ్యాయి. మనకు కావలసిన మార్పు ఆ 1994 మొదట్లోనే జరిగింది. ఛానల్ 5 పూర్తిగా ఇంగ్లీషు, ఛానల్ 8 పూర్తిగా మాండరిన్ అయ్యాయి. మలయ్, తమిళం కలిసి ఛానల్ 12కు మారాయి. తమిళానికి పొరుగువారు మారారు గాని స్వంత ఇల్లు రాలేదు. 2000 జనవరిలో మలయ్‌కు 'సురియా' అని వేరే ఛానల్ ఏర్పడింది. తమిళం 'సెంట్రల్' అనే ఛానల్‌లో పిల్లల కార్యక్రమాలతోనూ కళలతోనూ కలిసి 'వసంతం సెంట్రల్' పేరుతో ఉండేది. చివరకు 2008 అక్టోబరు 19న 'వసంతం' తనదంటూ ఒక ఛానల్ అయింది. మొదటి ప్రసారానికీ దీనికీ మధ్య నలభై అయిదేళ్ళు. రాజ్యాంగం గుర్తించిన భాషకే అంత కాలం పట్టింది!

తెలుగు మాత్రం ఈ కొండ మీదనుంచి దిగి రాలేదు, వేరే దారుల్లో వచ్చింది. మొదట వీడియో క్యాసెట్లు. ఊరినుంచి ఎవరు వస్తున్నా ఆవకాయ జాడీతోపాటు రెండు క్యాసెట్లు తెమ్మని ఉత్తరం వెళ్ళేది. 1995లో ఈటీవీ, జెమిని వచ్చి మన రాష్ట్రంలో తెలుగు టీవీ ఒక్కసారిగా విరబూసింది. అమెరికాలోని మనవారు డిష్ పెట్టుకుని చూసుకోగలిగారు. ఇక్కడ ఇంటి మీద స్వంత డిష్ పెట్టుకోవడానికి చట్టం ఒప్పుకోదు. ఆ ఏళ్ళలో మన పండుగ సభలకు జనం అంతగా రావడానికి అది కూడా ఒక కారణమని నా అనుమానం. తెలుగు వినాలంటే తెలుగువారి దగ్గరకే రావాలి మరి! తర్వాత కేబుల్, ఆ తర్వాత ఇంటర్నెట్ వచ్చాయి. ఇప్పుడు ఏ తెలుగు ఛానల్ కావాలన్నా ఫోనులో దొరుకుతుంది. మా మనవరాలు ఆ ఫోనులో చూసేది కొరియా సీరియళ్ళు.

ఏటా కట్టే 110 డాలర్ల టీవీ లైసెన్సు రుసుమును 2011లో ఎత్తివేశారు. మీడియాకార్ప్ 2015 తర్వాత కాల్డికాట్ కొండను వదిలి వన్‌నార్త్‌లోని కొత్త భవనానికి తరలిపోయింది. 2019 జనవరి మొదటి తేదీ దాటగానే పాత పద్ధతి ప్రసారాలు ఆగిపోయాయి. అయిదో అర, ఎనిమిదో అర, పన్నెండో అర ఖాళీ అయ్యాయి. ఛానళ్ళ పేర్లలో 5, 8 అంకెలు మాత్రం అలాగే నిలిచిపోయాయి. పాత టీవీ ఉన్నవారు డిజిటల్ పెట్టె కొనుక్కోవడానికి, కేబుల్ లేని హెచ్‌డీబీ ఇళ్ళకు ప్రభుత్వం వంద డాలర్ల వోచర్ ఇచ్చింది. మా బ్లాకులో ఎనభై దాటిన తెలుగు మామ్మగారొకరు ఆ వోచర్‌తో పెట్టె తెచ్చుకున్నారు. బిగించి పెట్టడానికి నేనే వెళ్ళాను. ఛానళ్ళు వరుసగా వచ్చాక "ఏది పెట్టమంటారు మామ్మగారూ?" అని అడిగాను. "వసంతం పెట్టు నాయనా, అదేగా మనది" అన్నారావిడ.