జంగ్లీఘాట్ నుంచి బర్మానాలా దాకా

జూన్ నెలలో పోర్ట్‌బ్లెయిర్‌లో ఐదు కాకముందే పొద్దు పొడుస్తుంది. గడియారం ఢిల్లీది, సూర్యుడు ఇక్కడివాడు. భారత కాలమానం 82.5 డిగ్రీల రేఖాంశాన్ని బట్టి నడుస్తుంది. ఈ ఊరేమో 92.7 డిగ్రీల దగ్గరుంది. అందుకే విశాఖపట్నంలో తెల్లవారడానికి ఏడాది సగటున సుమారు నలభై నిమిషాల ముందే ఇక్కడ ఎండ కాస్తుంది. డిసెంబరులో ఐదుంబావుకల్లా వీధి దీపాలు వెలగాలి. సాయంత్రం సముద్రస్నానం చేద్దామని వచ్చిన కొత్తవాళ్లు తువ్వాలు భుజాన వేసుకుని చీకట్లో నిలబడటం ప్రతి ఏటా కనబడేదే.

తెల్లవారేసరికి జంగ్లీఘాట్ చేపల రేవులో బేరాలు సగం అయిపోయి ఉంటాయి. డోంగీలనే చిన్న పడవల నుంచి దింపిన కోనాలు, సూరలు, గేలానికి పడ్డ ఎర్ర చేపలు తడిసిన గట్టు మీద వరసగా పరిచి ఉంటాయి. కొనేవాడు హిందీలో అడుగుతాడు, అమ్మేవాడూ హిందీలోనే ధర చెబుతాడు. బేరం తెగి నోట్లు లెక్కపెట్టుకునేటప్పుడు మాత్రం పక్కనున్నామె వైపు తిరిగి, "ఐసు డబ్బులు ఎవులికిచ్చినావే?" అంటాడు. ఆ యాస శ్రీకాకుళానిది. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్, నికోబార్ దీవుల్లో 3.80 లక్షల మంది ఉంటే, వాళ్లలో దాదాపు 13 శాతం మందికి మాతృభాష తెలుగు. బెంగాలీ, హిందీ, తమిళం తర్వాత స్థానం మనదే.

పర్యాటక శాఖ పోస్టర్లలో ఈ తీరం అంటే ఎండ, తెల్లటి ఇసుక, వంగిన కొబ్బరి చెట్టు. ఈ బొమ్మ చాలా ఆలస్యంగా తయారైంది. బ్రిటిష్‌వాళ్లు వచ్చేనాటికి అండమాన్ తీరంలో కొబ్బరి లేదు. నికోబార్‌లో పుష్కలంగా ఉన్న చెట్టు, ఉత్తరాన కోకో దీవుల్లోనూ ఉన్న చెట్టు, ఈ మధ్య భాగంలో మాత్రం మొలవలేదు. ఇక్కడి కొబ్బరి తోటలకు మొదలు ఖైదీల చేత వేయించిన మొక్కలే. కార్బిన్స్ కోవ్‌లో ఇవాళ ఫొటోలకు నీడనిచ్చే చెట్ల వెనక అంత చరిత్ర ఉంది.

1789లో ఆర్చిబాల్డ్ బ్లెయిర్ చాథం దీవిలో మొదటి స్థావరం వేశాడు. మూడేళ్లకు దాన్ని ఉత్తర అండమాన్‌కు మార్చారు. అక్కడ జ్వరాలకు తట్టుకోలేక 1796లో మొత్తం ఎత్తేశారు. మళ్లీ ఓడ వచ్చింది 1858 మార్చి 10న. సిపాయి తిరుగుబాటులో శిక్షపడిన రెండు వందల మందిని వెంటబెట్టుకుని డాక్టర్ జేమ్స్ ప్యాటిసన్ వాకర్ దిగాడు. అప్పటికి ఈ తీరం ఎవరిదీ కాని నేల కాదు. గ్రేట్ అండమానీలు ఇక్కడ చేపలు, తాబేళ్లు వేటాడుకుని బతికేవాళ్లు. అడవి నరుకుతూ పోతున్న కొత్తవాళ్ల మీద 1859 మే 17న వాళ్లు విల్లంబులతో అబర్దీన్ దగ్గర దాడి చేశారు. ముందే కబురు అందడంతో తుపాకులు సిద్ధంగా ఉన్నాయి. ఆ తర్వాత తట్టు, ఇతర అంటురోగాలు మిగతా పని చేశాయి. ఒకప్పుడు వేలల్లో ఉన్న ఆ జనం ఇప్పుడు వందకు లోపే.

ఖైదీకి సముద్రమే ప్రహరీ గోడ. సెల్యులార్ జైలు కట్టడం 1896లో మొదలై 1906లో పూర్తయింది. అంతకుముందు నలభై ఏళ్లు తీరమే జైలు. రంప పితూరీలో శిక్షపడిన గిరిజనులు, 1933 కాకినాడ బాంబు కేసులో శిక్షపడిన ప్రతివాది భయంకర వేంకటాచారి ఈ దీవులకు వచ్చినవాళ్లే. ఊరు పెరిగింది మాత్రం పేరున్న ఖైదీల వల్ల కాదు. కొన్నేళ్లు శిక్ష అనుభవించాక సొంతంగా బతకడానికి అనుమతి పొంది, కాస్త భూమి తీసుకుని, ఆడ ఖైదీలను పెళ్లాడి స్థిరపడ్డవాళ్ల వల్ల పెరిగింది. వాళ్ల సంతతినే ఇక్కడ 'లోకల్ బోర్న్' అంటారు. ఏ రాష్ట్రం, ఏ కులం అన్న లెక్కలు ఆ పెళ్లిళ్లలో కలిసిపోయాయి. అందరికీ మధ్య మిగిలిన మాట హిందీ. దీవుల్లో ఈనాటికీ బజారు భాష అదే.

ఊరి నుంచి దక్షిణంగా తీరం వెంట పోతే మొదట వచ్చేది కార్బిన్స్ కోవ్. అర్ధచంద్రాకారంలో ఇసుక, అటూ ఇటూ జపాన్ సైన్యం కట్టిన కాంక్రీటు బంకర్లు. 1942 మార్చి 23న జపాన్‌వాళ్లు దిగారు, 1945 అక్టోబరు దాకా ఉన్నారు. 1943 డిసెంబరు 30న సుభాష్ చంద్రబోస్ ఇదే ఊళ్లో జెండా ఎగరేశారు. నెల తిరిగిందో లేదో, 1944 జనవరి 30న హంఫ్రీగంజ్‌లో గూఢచారులన్న అనుమానంతో 44 మందిని జపాన్ సైనికులు కాల్చి చంపారు. యుద్ధం చివర్లో తిండి కరవైంది. తిండి పండించాలన్న పేరుతో వందల మందిని ఓడ ఎక్కించి, అప్పటికి మనుషుల్లేని హేవ్‌లాక్ దీవి దగ్గర అర్ధరాత్రి నీళ్లలోకి దూకమన్నారు. చాలామంది ఒడ్డు చేరలేదు. చేరినవాళ్లలో ఆకలికి తట్టుకుని మిగిలినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. 2004లో టైమ్ పత్రిక ఆసియాలోకెల్లా మంచి బీచ్ అని మెచ్చుకున్న రాధానగర్ ఆ దీవిలోదే.

స్వాతంత్ర్యం వచ్చాక తీరానికి కొత్త మనుషులొచ్చారు. తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన శరణార్థి కుటుంబాలకు హేవ్‌లాక్‌లో, నీల్‌లో భూములిచ్చారు. నీల్‌లో వాళ్లు వేసుకున్న ఊళ్లు సీతాపూర్, భరత్‌పూర్, లక్ష్మణ్‌పూర్, రామ్‌నగర్. ఇప్పుడవి బీచ్‌ల పేర్లుగా ప్రచారంలో ఉన్నాయి. అడవి పనికి రాంచీ ప్రాంతం నుంచి కూలీలు వచ్చారు. రోడ్లకు, రేవులకు, చేపల వేటకు శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి మనవాళ్లు వచ్చారు. జాలరి కుటుంబాలను తెచ్చి స్థిరపరచడానికి ప్రభుత్వమే 1950ల్లో పథకం పెట్టింది. కేరళ నుంచి, ఆంధ్ర నుంచి కుటుంబాలు కదిలాయి. జంగ్లీఘాట్, బర్మానాలా, వండూర్ వంటి చోట్ల తెలుగు పల్లెలు అలా వెలిశాయి. మొదట ఒకడొచ్చి పాక వేసుకుంటే, మరుసటి ఏడు బావమరిది, ఆపైన ఊళ్లో సగం మంది.

వచ్చినవాళ్లు సముద్రం ఒకటేనని అనుకున్నారు. తీరం వేరని వల వేశాక తెలిసింది. ఉత్తరాంధ్ర ఒడ్డున కెరటం విరుచుకుపడుతుంది, కింద మెత్తటి ఇసుక ఉంటుంది. దుంగలు కట్టిన తెప్ప ఆ కెరటాన్ని దాటడానికి పుట్టింది. ఇక్కడ కోవ్‌ల లోపల నీళ్లు నిశ్చలం, అడుగున మాత్రం పగడపు దిబ్బలు. వాటికి తగిలితే వల పీలికలవుతుంది. తీరం దాటి కాస్త దూరం పోగానే సముద్రం ఒక్కసారిగా లోతవుతుంది కాబట్టి, ట్రాలర్లు ఈడ్చుకుంటూ తిరగడానికి చదునైన అడుగూ తక్కువే. తెప్పల స్థానంలో మోటారు బిగించిన డోంగీలు వచ్చాయి. పెద్ద చేపలకు వల కంటే గేలం ముఖ్యమైంది. కవళ్లకు, నెత్తళ్లకు మాత్రం వల ఉండాల్సిందే. వాటిలో ఎండబెట్టినవి కొన్ని, వేసవిలో ఓడెక్కి చుట్టాలింటికి పోతాయి.

బర్మానాలా దగ్గర తీరం ఇసుక కాదు, రాయి. పాటు వేళ నీళ్లు వెనక్కి పోతే నల్లటి రాతి పలక చాలా దూరం బయటపడుతుంది. గుంటల్లో నిలిచిన నీళ్లలో చిన్న చేపలు, పీతలు, నక్షత్ర చేపలు చిక్కుకుంటాయి. పోటు పాటు వేళలు తెలియని ఇల్లు ఈ ఒడ్డున ఉండదు. డోంగీ ఎప్పుడు దించాలో, ఎప్పుడు ఒడ్డుకు చేర్చాలో నిర్ణయించేవి అవే. పౌర్ణమి, అమావాస్య రోజుల్లో పోటుకూ పాటుకూ మధ్య నీటిమట్టం తేడా రెండు మీటర్ల దాకా ఉంటుంది.

దీవిలో బతుకు ఓడ మీద ఆధారపడింది. పప్పు, ఉల్లిపాయ, సిమెంటు, పుస్తకాలు అన్నీ ప్రధాన భూభాగం నుంచి రావలసినవే. బంగాళాఖాతంలో వాయుగుండం పడి ఓడ ఆగితే, మరునాటికల్లా అబర్దీన్ బజార్లో కూరగాయల ధర చెబుతుంది ఆ సంగతి. విశాఖ ఇక్కడికి సుమారు 1200 కిలోమీటర్లు. సముద్రం మీద రెండు రోజులకు పైనే ప్రయాణం. చెన్నై, కోల్‌కతాలకు ఉన్నన్ని ఓడలు విశాఖకు లేవన్నది తెలుగువాళ్ల పాత ఫిర్యాదు. దీవుల నివాసులకిచ్చే ఐలాండర్ కార్డు ఉన్నవాళ్లకు టికెట్టు చౌక. సెలవులొచ్చాయంటే బంక్ క్లాసు నిండా పిల్లలు, పచ్చడి జాడీలు, పెళ్లి బట్టల మూటలు. ఫోను, ఇంటర్నెట్ కష్టాలు చాలావరకు తీరింది 2020 ఆగస్టు 10న. చెన్నై నుంచి సముద్రం అడుగున సుమారు 2300 కిలోమీటర్ల కేబుల్ ఆ రోజు పని మొదలుపెట్టింది. అంతకుముందు ఒక పరీక్ష ఫలితం తెరుచుకోవడానికి పూట పట్టేది.

ఊరి రాజకీయంలోనూ మనవాళ్ల జాడ ఉంది. 2022 మునిసిపల్ ఎన్నికల్లో తెలుగుదేశం పార్టీ రెండు వార్డులు గెలిచింది. మరుసటి ఏడాది మార్చిలో ఆ పార్టీ సభ్యురాలే పోర్ట్‌బ్లెయిర్ కౌన్సిల్ చైర్‌పర్సన్ అయ్యారు. 2024 సెప్టెంబరులో కేంద్రం ఊరి పేరునే శ్రీ విజయపురంగా మార్చింది. రాస్, నీల్, హేవ్‌లాక్ దీవులకు 2018లోనే కొత్త పేర్లు వచ్చాయి. బోర్డుల మీద కొత్త పేరు, ఆటోవాడి నోట పాత పేరు నడుస్తున్నాయి.

2004 డిసెంబరు 26 ఆదివారం. ఉదయం ఆరున్నరకు భూమి కదిలింది, గంట తిరక్కముందే నీళ్లు వచ్చాయి. నికోబార్‌కు జరిగిన నష్టంతో పోలిస్తే పోర్ట్‌బ్లెయిర్ తేలిగ్గా బయటపడిందనే చెప్పాలి. కానీ ఈ ఊరికి తగిలిన దెబ్బ కెరటంతో పోలేదు. దక్షిణ అండమాన్ నేల ఇంచుమించు ఒక మీటరు కుంగింది. అదే భూకంపానికి ఉత్తర అండమాన్ పడమటి తీరం పైకి లేచి, పగడపు దిబ్బలు ఎండకు బయటపడ్డాయి. ఇటు సిప్పీఘాట్‌లో వరి పొలాల్లోకి ప్రతి పోటుకూ ఉప్పునీరు రావడం మొదలైంది. ఆ నీరు మళ్లీ పూర్తిగా వెనక్కి పోలేదు. గట్లు, కొబ్బరి మోళ్లు నీళ్లలో మిగిలాయి. ఒకప్పుడు పంట కోసిన చోట ఇప్పుడు కొంగలు, వలస పక్షులు దిగుతున్నాయి. పక్షులను చూడటానికి కెమెరాలతో వచ్చేవాళ్లకు ఆ చోటు పేరు బాగా తెలుసు. భూమి పోయిన రైతులు ఊళ్లో వేరే పనులు వెతుక్కున్నారు.

సునామీ వచ్చిన 2004లో దీవులకు వచ్చిన పర్యాటకులు సుమారు లక్ష. 2018 నాటికి ఆ సంఖ్య ఐదు లక్షలు దాటింది. 1979లో సెల్యులార్ జైలును జాతీయ స్మారకంగా ప్రకటించాక జనం జైలు చూడటానికి వచ్చేవాళ్లు, బీచ్ ఆనక. ఇప్పుడు వరస తిరగబడింది. వండూర్‌లో 1983లో ఏర్పాటైన మహాత్మాగాంధీ మెరైన్ నేషనల్ పార్క్‌లో పదిహేను దీవులున్నాయి. వాటిలో ఒకటైన జాలీబాయ్‌కి వెళ్లే పడవ ఎక్కేముందు సంచి తెరిచి చూపించాలి, ప్లాస్టిక్‌ను పోనివ్వరు. ఒకప్పుడు గేలం వేసిన కుటుంబాల కుర్రాళ్లు ఇవాళ గాజు అడుగు పడవల మీద నిలబడి పగడాల పేర్లు హిందీలో చెబుతున్నారు. సీజన్‌లో ఆ ఆదాయం చేపల కంటే నయం. మే నెలలో వానలు మొదలైతే డిసెంబరు దాకా ఏదో ఒక రుతుపవనం వదలదు కాబట్టి, ఆ సీజన్ చిన్నది.

ఎండ, ఇసుక ఉన్నంత మాత్రాన నీళ్లలోకి దిగొచ్చని లేదు. మడ అడవుల కాలవల్లో ఉప్పునీటి మొసళ్లు ఉంటాయి. 2010లో హేవ్‌లాక్‌లో ఒక అమెరికా పర్యాటకురాలు మొసలి దాడిలో చనిపోయింది. వండూర్ ఒడ్డున హెచ్చరిక బోర్డులు చూసి కొందరు నవ్వుతూ ఫొటో దిగుతారు. స్థానికులు మాత్రం కాలవ మూతి దగ్గర చేప కడగరు, కడిగిన వ్యర్థాలు అక్కడ పారబోయరు. ఆ వాసన మొసలిని పిలుస్తుందని వాళ్లకు తెలుసు.

ఇసుక సంగతి ఇంకా పాతది. ఈ దీవుల్లో పెద్ద నదుల్లేవు, నది ఇసుక లేదు. ఇల్లు కట్టాలన్నా, కల్వర్టు కట్టాలన్నా దశాబ్దాల పాటు బీచ్‌నే తవ్వారు. గవ్వ ముక్కలు, పగడపు పొడి కలిసిన ఆ ఇసుకలో ఉప్పు ఉంటుంది. కాంక్రీటులో ఇనుము త్వరగా తుప్పు పడుతుంది, స్లాబు పెచ్చులూడుతుంది. తవ్విన చోట ఒడ్డు కోసుకుపోతుంది, తాబేలు గుడ్లు పెట్టే చోటు పోతుంది. 2002లో సుప్రీంకోర్టు ఈ తవ్వకాన్ని ఏటేటా తగ్గించుకుంటూ రావాలని ఆదేశించింది. అప్పటి నుంచి రాతి పొడి వాడకం పెరిగింది, ధరా పెరిగింది. ఒడ్డున ఏరుకున్న పగడపు ముక్కను సంచిలో వేసుకున్నా వన్యప్రాణి చట్టం కింద నేరమే. విమానాశ్రయంలో పర్యాటకుల సామాన్లు తనిఖీ చేసేది అందుకే. బర్మానాలాలో వంటగది గోడ పగిలిన మనిషి ఇసుక కోసం దరఖాస్తు పెట్టుకుని, వంతు రాకపోతే రాతి పొడి కొనుక్కుంటాడు.